ఉంగరం, కత్తెర

ఆ రోజు నా పని సిరా పుయ్యడం.
ఎడమచేతి చూపుడువేలు,
తోలూ గోరూ కలిసే చోట ఒక గీత.
ట్రైనింగులో రెండుసార్లు చెప్పారు.
ఇసకలపేట వేళ్ల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

నైలాను తాడు కోసిన వేళ్లు,
ఉప్పు తినేసిన గోళ్లు.
సిరా నిలవక జారిపోతుంటే
పుల్లని మళ్లీ మళ్లీ ముంచాను.
ఒకాయనకి చూపుడువేలే లేదు.
"టేకుముల్లు తినీసినాది టీచరమ్మా,
పక్కేలుకి రాసీండి" అన్నాడు.
ఆ పూట నవ్విన మనిషి ఆయనొక్కడే.

రెండు వరసలు. ఆడా మగా అని కాదు.
గనగళ్ల బైరాగి, ఉంగరం గుర్తు, వాళ్లు గోడ నీడలో.
కారి దండాసి, కత్తెర గుర్తు, వాళ్లు ఎండలో.
పది గంటలకి నీడ జరిగింది,
మనుషులు జరగలేదు.

ప్రెసిడెంటంటే ఏముంది ఈ ఊళ్లో,
ఒక బోరు, ఆరు వీధి దీపాలు,
ఏటేటా తుఫాను పట్టుకుపోయే రోడ్డు,
అంతే అనుకునేదాన్ని.
నాలుగేళ్లుగా ఇదే గదిలో గుణింతాలు చెప్తూ
ఇందులో రెండు ఊళ్లున్నాయని నాకు తెలీలేదు.
పిల్లలకి తెలుసు.
మొన్న బల్ల మీద సుద్దతో నడిమికి గీత గీశారు.
అల్లరనుకుని నేనే తుడిచేశాను.

పోలింగుకి మూడు రోజుల ముందే
పెద్దవల పంచుకున్నారట.
రెండు వీధుల భుజాలూ పడితే గానీ
ఒడ్డుకి రాని వల.
బారలతో కొలిచి కోశారు.
చెరో రెక్కా సరిపోయింది.
నడిమి సంచి దగ్గర ఆగిపోయింది లెక్క.
చేప పడేది సంచిలోనే కదా.
అదింకా రెండిళ్ల మధ్య ఇసకలోనే ఉంది.
ఎవరూ ముట్టరు. రాత్రుళ్లు
దానికి ఇటూ అటూ ఎవరూ నిద్రపోరు.

పన్నెండింటికి బాగమ్మొచ్చింది.
పెద్దకొడుకు ఉంగరానికి ఏజెంటు, చిన్నవాడు కత్తెరకి.
ఒకే బెంచీ, మధ్యలో నీళ్ల బిందె.
తల్లిని చూసి ఇద్దరూ లేచారు.
ఆవిడ ఎటూ చూడకుండా నాకు వేలిచ్చి
"రెంటికీ ఒక్కోటి గుద్దొచ్చా అమ్మా?" అంది.
"ఒక్కదానికేనమ్మా. రెండు గుద్దితే చెల్లదు."
"సెల్లదా" అంది,
బేరంలో ఆఖరి ధర విన్నట్టు.
అట్ట చాటున చాలాసేపు ఉంది.

రెండింటికి పెట్టె బోర్లించారు.
పాతికేసి కాగితాలు, రబ్బరుబ్యాండ్లు.
ఉంగరం నాలుగొందల పన్నెండు.
కత్తెర నాలుగొందల పదకొండు.
చెల్లనిది ఒకటి.

ఆఫీసరు దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టాడు.
ఉంగరం మీద ఒక ముద్ర, కత్తెర మీద ఒకటి,
ఎక్కడా గీత తగల్లేదు, సిరా అలకలేదు,
ముగ్గు చుక్కలు పెట్టినంత శ్రద్ధ.
రాతే రాని మనిషి చేతిరాత
బెంచీ మీద ఇద్దరూ గుర్తుపట్టారు.
మళ్లీ లెక్కెట్టమన్నాడు చిన్నవాడు.
మళ్లీ అంతే.
పెద్దవాడు బిందెడు నీళ్లూ వొంపేసుకున్నట్టు తడిసిపోయి
చెమట తుడుచుకోలేదు.

సంతకాలయ్యి బయటికొస్తే డప్పు వినపడలేదు.
గెలిచినవాళ్లు డప్పు కొట్టకపోతే
ఎంత భయమో అప్పుడే తెలిసింది.
ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్లూ
"తొరగా ఎక్కండి మేడం" అంటున్నారు.
ఆడవాళ్లు మేకల్నీ చంటిపిల్లల్నీ
కళింగపట్నం చుట్టాలిళ్లకి తోలేస్తున్నారు.
మా మూడో తరగతి గౌరీసు
సంచీ ఈడ్చుకుంటూ ఎదురొచ్చాడు.
గలగలమంది.
"ఏట్రా అది?"
"వలకి కట్టే గుండ్లు టీచరమ్మా.
మా నాన అట్టుకు రమ్మన్నాడు."
వల ఎక్కడుందిరా అని నేనడగలేదు.

జీపు కదిలాక చూశాను.
రెండిళ్ల మధ్య ఇసకలో
ఆ వల సంచి మీద కూచుంది బాగమ్మ,
కాళ్లు బారచాపుకుని, ఒక కాలు అటు, ఒక కాలు ఇటు.
ఎవరో "లెగే ముసిలీ" అని కేకేశారు.
లేవలేదు.

చీకటి పడింది.
ఆరు దీపాల్లో ఒక్కటీ వెలగలేదు.
పగలే ఎవరో పీజులు పీకేశారట,
ఎవరో నాకు తెలీదు.
రేపు సోమవారం.
హాజరు పట్టీ నా సంచీలోనే ఉంది.